మత్తు నుంచి మెలకువకు: ఐసీయూలో నాడీ మందుల సింహావలోకనం

నేడు జిల్లా కేంద్రంలోని ఏ పెద్దాసుపత్రి ఐసీయూకు వెళ్లినా, వెంటిలేటర్ మీదున్న రోగి తలాపున ఒక స్టాండు, దానికి ఒకదాని కింద ఒకటిగా బిగించిన సిరంజి పంపులు కనిపిస్తాయి. ఒకదానిలో నొప్పి తెలియకుండా ఫెంటనిల్, ఇంకోదానిలో నిద్రకు మిడజోలం. కేస్ షీట్ తిప్పితే ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటం, రాత్రిళ్లు సంధి ప్రేలాపనకు హాలోపెరిడాల్ లేదా క్వెటియాపిన్. ఈ పేర్లలో ఏ ఒక్కటీ నిన్నా మొన్నా అనాయాసంగా వచ్చి చేరింది కాదు. ఒక్కో మందు వెనుక ఒక తరం సాహసం ఉంది, మరో తరం పశ్చాత్తాపం ఉంది. తొలి తరాల వైద్యులు మెదడును నిద్రపుచ్చే మందు ఎలా ఇవ్వాలో తెలుసుకోవడానికి శ్రమించారు. తరువాతి తరాలవారు దాన్ని ఎంత తక్కువ ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి అంతకన్నా ఎక్కువ శ్రమించారు. ఆ రెండు శ్రమల కథే ఇది.

ఐసీయూ పుట్టకముందే ఈ మందులు పుట్టాయి. నల్లమందు మానవజాతికి అనాది పరిచయం. పంతొమ్మిదో శతాబ్ది తొలి ఏళ్లలో జర్మనీకి చెందిన సెర్టుర్నర్ దాని నుంచి మార్ఫిన్‌ను విడదీశాక నల్లమందు ఒక తూకానికి, ఒక మోతాదుకు లొంగింది. 1857లో లండన్ వైద్యుడు చార్లెస్ లొకాక్ పొటాషియం బ్రోమైడ్ మూర్ఛలను తగ్గిస్తుందని చెప్పాడు. 1869లో లీబ్రైఖ్ క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. ఈ కాలంలోనే మన హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్య పత్రికలకెక్కింది. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూలు ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీ పట్టుదలతో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ధనసహాయంతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. మొదటి కమిషన్ మాటను నమ్మని లండన్ ‘లాన్సెట్’ పత్రిక, రెండోసారి లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన ఔషధశాస్త్రవేత్తను హైదరాబాదుకు పంపింది. రోగికి క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి మీద కాక శ్వాస మీదే చూపు నిలపాలని, ముందు ఆగేది శ్వాసేనని కమిషన్ తేల్చింది. ఆ కమిషన్ల కాలంలో లారీ శిష్యురాలిగా చదివిన రూపాబాయి ఫర్దూంజీ మత్తువైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా నిలిచారు. 1909లో ఆమె పై చదువుకు ఎడిన్‌బరా కూడా వెళ్లివచ్చారు. కమిషన్ తీర్పులో సగమే నిలిచింది. తేలికపాటి క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని 1911లో లెవీ నిరూపించాడు. అయినా మెదడును మందగింపజేసే మందు ఏదైనా సరే, ఇచ్చిన చేయి రోగి ఊపిరి మీద కన్ను వేసి ఉంచాలన్న హైదరాబాద్ పాఠానికి కాలదోషం పట్టలేదు. ఆ సంగతి తెలుగువారు ఇంకాస్త గర్వంగా చెప్పుకోదగ్గదని నా అభిప్రాయం.

ఇరవయ్యో శతాబ్ది బార్బిట్యురేట్లతో మొదలైంది. 1903లో ఎమిల్ ఫిషర్, ఫాన్ మేరింగ్ కలిసి బార్బిటాల్‌ను వెలుగులోకి తెచ్చారు. 1912లో వచ్చిన ఫీనోబార్బిటాల్ ఫిట్స్‌ను ఆపుతుందని హౌప్ట్‌మన్ గమనించాడు. నూరేళ్లు దాటినా ఆ మందు నేటికీ పసిపిల్లల వార్డుల్లో నమ్మకంగా పనిచేస్తూనే ఉంది. 1908లోనే తయారై మూలన పడి ఉన్న ఫినిటాయిన్‌కు 1938లో మెరిట్, పట్నం అనే ఇద్దరు బోస్టన్ వైద్యులు ప్రాణం పోశారు. నిద్ర పట్టించకుండానే ఫిట్స్ ఆపవచ్చని దానితో తొలిసారి తెలిసింది. మెదడును మొత్తంగా ఆర్పకుండా చెడు పని చేస్తున్న భాగాన్ని మాత్రమే అదుపు చేయవచ్చన్న ఆశకు అది నాంది. 1942 జనవరిలో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ శస్త్రచికిత్స బల్ల మీద క్యురారే వాడారు. దక్షిణ అమెరికా అడవుల్లో బాణాల కొనలకు పూసే ఆ విషం కండరాలను సడలించే మందుగా మారింది. అది మెదడును కూడా మొద్దుబారుస్తుందేమోనన్న అనుమానం మాత్రం మిగిలింది. 1947లో స్కాట్ స్మిత్ అనే అమెరికన్ మత్తువైద్యుడు తన శరీరంలోకే ఆ మందును ఎక్కించుకున్నాడు. కండరాలన్నీ చచ్చుబడి, తన ఊపిరి ఇతరులు తీయిస్తుండగా, తనకు అంతా తెలుస్తూనే ఉందని, నొప్పి కూడా తగ్గలేదని లేచాక చెప్పాడు. కదలని రోగి నిద్రలో ఉన్నట్టు కాదని ఆ ఒక్క ప్రయోగం స్థిరపరచింది. ఆ పాఠం పుస్తకాల్లో ఉండగానే వార్డుల్లో పదే పదే మరుగున పడిందని తరువాతి చరిత్ర చెబుతుంది.

అసలు మలుపు 1952 వేసవిలో కోపెన్‌హేగన్‌లో వచ్చింది. పోలియో మహమ్మారి ఆ నగరాన్ని చుట్టుముట్టింది. గొంతు, ఊపిరి కండరాలు చచ్చుబడినవారికి 1928లో డ్రింకర్ కనిపెట్టిన ఇనుప ఊపిరితిత్తి వంటి యంత్రాలే దిక్కు. బ్లెగ్‌డమ్ ఆసుపత్రిలో అవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. మొదటి మూడు వారాల్లో వాటి మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆ వేసవిలోనే ధనుర్వాతం వచ్చిన ఒక పసికందుకు క్యురారే ఇచ్చి, చేతితో ఊపిరి నింపి చూసిన మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్‌ను ప్రధాన వైద్యుడు లాసెన్ పిలిపించాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలిక ఒకతె గొంతులో రంధ్రం చేసి గొట్టం వేశారు. ఆమె ఊపిరాడక పెనుగులాడుతోంది. చేతి సంచి నొక్కినా గాలి లోపలికి పోవడం లేదు. చూడవచ్చిన పెద్దలు ఆశ వదులుకున్నారు. ఇబ్సెన్ ఆమెకు కొంచెం థయోపెంటాల్ ఎక్కించాడు. పెనుగులాట ఆగింది, ఆమె సొంత శ్వాసా ఆగింది. అప్పుడు సంచి నొక్కితే ఛాతీ లేచింది. ఆ తర్వాత నెలల తరబడి దాదాపు 1500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. చావులు సగానికి పైగా తగ్గాయి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలోని మరో ఆసుపత్రిలో ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండే వార్డు తెరిచాడు. ఐసీయూల చరిత్ర అక్కడి నుంచే లెక్కిస్తారు. ఆ చరిత్ర తొలి ఘట్టంలోనే నాడీమండలం మీద పనిచేసే మందు ఒకటి నిర్ణాయకంగా నిలిచిందన్నది సాధారణంగా చెప్పుకోని సంగతి. గమనించదగ్గ రెండో సంగతీ ఉంది. ఒకసారి కుదుటపడ్డాక ఆ పోలియో పిల్లలు మెలకువగానే ఉండేవారు. సంచి నొక్కే విద్యార్థులు వాళ్లకు కథలు చదివి వినిపించేవారు.

ఇదే దశకం మందుల గనిగా మారింది. ఫ్రాన్సులో నౌకాదళ సర్జన్ ఆన్రీ లాబొరీ క్లోర్‌ప్రోమజిన్, ప్రోమెథజిన్, పెథిడిన్ కలిపి ‘లిటిక్ కాక్‌టెయిల్’ చేశాడు. రోగి నిద్రపోకుండానే బాహ్య ప్రపంచం పట్ల ఉదాసీనుడవుతాడని అతను గమనించిన గుణమే క్లోర్‌ప్రోమజిన్‌ను మానసిక వైద్యంలోకి నడిపించింది. 1958లో బెల్జియంలో పాల్ యాన్సెన్ ప్రయోగశాల హాలోపెరిడాల్‌ను, 1960లో ఫెంటనిల్‌ను తయారు చేసింది. 1960లో స్టెర్న్‌బాఖ్ కనిపెట్టిన లిబ్రియం, 1963లో వేలియం బజారుకు వచ్చాయి. 1965లో మార్సెయ్‌లో గస్తో బృందం నరానికి డయజెపాం ఇచ్చి ఆగని ఫిట్స్‌ను ఆపి చూపింది. ఐసీయూ మందుల అలమరలో నేడున్న వాటిలో పెద్ద భాగం ఆ పదిహేనేళ్ల సంపాదనే.

ఈ మందులకు మన దేశంలో తొలి పరీక్ష పెట్టింది ధనుర్వాతం. పొలంలో ముల్లు గుచ్చుకున్న రైతు, బొడ్డు కోసిన కత్తి శుభ్రంగా లేని పసికందు, టీకా అందని బాలింత: ఆ తరం ప్రభుత్వాసుపత్రుల చీకటి గదుల్లో వీళ్లే ఉండేవారు. చప్పుడైతే, వెలుతురు పడితే ఒళ్లంతా విల్లులా వంగి బిగుసుకునే రోగికి డయజెపాం, క్లోర్‌ప్రోమజిన్, ఫీనోబార్బిటాల్ గంటలు లెక్కపెట్టి ఇచ్చేవారు. మందు తగ్గితే వంపు, మందు మించితే ఊపిరి ఆగడం. ఆ రెండింటి మధ్య సన్నని దారిలో వెంటిలేటర్ లేకుండానే రోగులను దాటించిన సిస్టర్ల నైపుణ్యం ఏ పాఠ్యపుస్తకంలోనూ నమోదు కాలేదు. బొంబాయిలో డాక్టర్ ఫరూక్ ఉద్వాడియా బృందం ఆ వైద్యాన్ని ఐసీయూ స్థాయికి తెచ్చి, 150 మంది రోగుల అనుభవాన్ని 1987లో ప్రచురించింది. ఆ తరువాతి కాలంలో శ్రీలంక, వియత్నాం వైద్యులు చవకైన మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే డయజెపాం, కండరాల సడలింపు మందుల అవసరం తగ్గుతుందని చూపించారు. బాలింతల్లో, నవజాత శిశువుల్లో ధనుర్వాతం నిర్మూలన సాధించిన దేశంగా భారత్ 2015లో గుర్తింపు పొందింది. మందుల వాడకాన్ని అన్నింటికన్నా బాగా తగ్గించింది టీకాయే.

తెలుగు నేల ఐసీయూకు మరో రెండు ప్రత్యేక అధ్యాయాలున్నాయి. మొదటిది పురుగుల మందు. పత్తి విస్తరించిన గుంటూరు, వరంగల్ ప్రాంతాల్లో ఆర్గానోఫాస్ఫేట్ తాగినవారిని తెచ్చే ఆటో ఆసుపత్రి గేటు దగ్గర ఆగని వారం ఉండేది కాదు. ఆ విషం నాడీ సంకేతాలను కట్టలు తెంచి వదులుతుంది. నోట నురగ, ఊపిరితిత్తుల్లో నీరు, ముడుచుకుపోయిన కనుపాపలు. విరుగుడు అట్రోపిన్. చిన్న సీసాలు డజన్లకొద్దీ పగలగొట్టి ఇవ్వాల్సి వచ్చే మందు అది. పాత తరం కనుపాప విచ్చుకునేదాకా, గుండె పరుగెత్తేదాకా అట్రోపిన్ పోస్తూ పోయింది. రోగి జ్వరంతో, పక్కబట్టలు లాగుతూ, గాలిలో ఏవో పట్టుకుంటూ పలవరించేవాడు. విషం తలకెక్కిందని బంధువులు బెంగపడేవారు. నిజానికి చాలాసార్లు తలకెక్కింది మందే. మోతాదును కొద్ది నిమిషాలకొకసారి రెట్టింపు చేస్తూ పోయి, ఊపిరితిత్తులు పొడిబారి గుండెవేగం, రక్తపోటు నిలబడగానే ఆగి, తరువాత చిన్న ధారగా ఇవ్వాలన్నది నేటి పద్ధతి. 1987లో సేనానాయక, కరల్లియెద్దె అనే శ్రీలంక వైద్యులు, తేరుకున్నట్టే కనిపించిన రోగికి ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడటాన్ని గుర్తించి దానికొక పేరు పెట్టారు. తల దిండు మీద నుంచి ఎత్తగలుగుతున్నాడా అని డ్యూటీ డాక్టరు ప్రతి పూటా అడిగే ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది.

రెండో అధ్యాయం పాముకాటు. నాగుపాము విషంతో రెప్పలు వాలిపోతే యాంటీవెనంతోపాటు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ ఇస్తే చాలామంది తేరుకుంటారు. కట్లపాము విషం నరం కొసనే దెబ్బతీస్తుంది గనుక నియోస్టిగ్మిన్‌కు అంతగా లొంగదు. వెంటిలేటర్ మీద రోజుల తరబడి వేచి ఉండాలి. ఆ రోగి కనురెప్ప కదలదు, కనుపాప విచ్చుకుని వెలుతురుకు స్పందించదు. మెదడు చచ్చిపోయిందని పొరబడటానికి అన్ని లక్షణాలూ ఉంటాయి. కానీ అతను అన్నీ వింటూ ఉండవచ్చు. స్కాట్ స్మిత్ అమెరికాలో తన ఒంటి మీద చూపించిన నిజాన్ని మన రైతులు పొలం గట్ల మీద నుంచి వచ్చి చూపించారు. అటువంటి రోగికి తగినంత నిద్రమందు, నొప్పిమందు రాయడం, మంచం పక్కన ఆశ వదులుకునే మాటలు మాట్లాడకపోవడం రెండూ చికిత్సే.

ఇక ప్రపంచ రంగస్థలానికి తిరిగి వస్తే, డెబ్బైలు, ఎనభైలు గాఢనిద్ర యుగం. నాటి వెంటిలేటర్లు రోగి శ్వాసతో కలిసి నడవలేవు. యంత్రం రోగికి ఒదగదు గనుక రోగినే యంత్రానికి ఒదిగించారు. 1974లో లండన్‌లో మైకేల్ రామ్‌సే బృందం నిద్ర లోతుకు ఆరు మెట్ల కొలమానం తయారు చేసింది. ఎంత నిద్రపుచ్చామో కొలిచి చూడాలన్న ఆలోచన అప్పటికి కొత్త. ఆ తరువాత వచ్చిన దెబ్బ గట్టిది. ఎటోమిడేట్ అనే మందును గంటల తరబడి ఎక్కిస్తున్న గాయపడ్డ రోగుల్లో చావులు పెరిగాయని 1983లో గ్లాస్గోకు చెందిన లెడింగ్‌హామ్, వాట్ ఒక చిన్న ఉత్తరంలో ‘లాన్సెట్’కు రాశారు. ఆ మందు అడ్రినల్ గ్రంథి పనిని అణచివేస్తోందని తేలింది. నిద్రమందు నిద్రతోనే ఆగదని, రోగి ప్రాణం నిలబెట్టుకునే శక్తినే తాకవచ్చని వైద్యలోకం నేర్చుకుంది. సొంత వార్డులో పెరుగుతున్న చావులను లెక్కగట్టి, కారణం తమ చేతి మందేనని బహిరంగంగా చెప్పిన ఆ ఇద్దరి నిజాయితీని ఈ చరిత్రలో ఏ కొత్త మందు కన్నా పైన ఉంచుతాను. ఇయాన్ గ్లెన్ కృషితో 1986లో వచ్చిన పాలలాంటి ప్రొపొఫాల్ ఆపగానే మెలకువ వచ్చే వరంగా కనిపించింది. 1992లో ఆ మందు మీద పెట్టిన ఐదుగురు పిల్లల మరణాలు బ్రిటన్ నుంచి నమోదయ్యాక దానికీ గంటకింత, ఇన్ని రోజులు అన్న హద్దు గీశారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మిడజోలం అవశేషాలు పేరుకుని, పంపు ఆపిన రోజుల తరువాత కూడా రోగి లేవకపోవడం ఆ దశాబ్దాల మరో పాఠం.

మన దేశంలో ఇదే కాలానికి కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాయి. చిత్తూరు జిల్లా అరగొండ బిడ్డ ప్రతాప్ సి. రెడ్డి స్థాపించిన అపోలో 1983లో మద్రాసులో, 1988లో హైదరాబాదులో తలుపులు తెరిచింది. 1993లో భారత క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం ఏర్పడింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద లైసెన్సుల చిక్కుల వల్ల మార్ఫిన్ చాలా ఆసుపత్రులకు అందని పండే అయింది. నొప్పికి మందు దొరకని చోట నిద్రమందుతో సరిపెట్టే అలవాటు అలా మనలో పాతుకుంది. 2014లో చట్టాన్ని సవరించాకే దారి కొంత సుగమమైంది.

తొంభైల చివర ఒక నిట్టూర్పుతో కొత్త యుగం మొదలైంది. అరవైల్లో వెంటిలేటర్ మీది రోగులు కూర్చుని, మనుషులను పలకరించడం చూసిన డెన్వర్ వైద్యుడు థామస్ పెటీ, 1998 నాటి ఐసీయూల్లో అందరూ కదలిక లేకుండా పడి ఉండటం చూసి బాధపడుతూ సంపాదకీయం రాశాడు. అదే ఏడాది కొలెఫ్ బృందం 242 మందిని పరిశీలించి, నిద్రమందు ధారగా ఎక్కించినవారు సగటున 185 గంటలు, అలా ఎక్కించనివారు 56 గంటలు వెంటిలేటర్ మీద ఉన్నారని చూపింది. 2000లో షికాగోలో జాన్ క్రెస్ బృందం 128 మందిలో సగం మందికి రోజూ ఉదయం పంపు ఆపి, మెలకువ వచ్చేదాకా వేచి చూసింది. వెంటిలేటర్ రోజులు 7.3 నుంచి 4.9కి తగ్గాయి. పంపు ఆపితే రోగి గొట్టం లాగేసుకుంటాడని తరతరాలుగా పాతుకున్న భయం ఆ అంకెల ముందు సడలింది. 2010లో డెన్మార్క్‌లోని ఓడెన్సేలో స్ట్రోమ్, టాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసి, అవసరమైతే మార్ఫిన్ మాత్రమే, ధారగా నిద్రమందు అసలు లేకుండా వైద్యం చేసి చూపారు. మరణాల్లో తేడా లేదని 2020 నాటి పెద్ద అధ్యయనం తేల్చినా, ముందు నొప్పికి మందు, తరువాతే నిద్ర సంగతి అన్న క్రమం స్థిరపడింది.

మెలకువ వచ్చిన రోగి కొత్త సమస్యను ముందుకు తెచ్చాడు. అతను పలవరిస్తున్నాడు. నిద్రలో ముంచినప్పుడు కనిపించని సంధి ఇప్పుడు బయటపడింది. 2001లో వాండర్‌బిల్ట్‌కు చెందిన వెస్లీ ఈలీ బృందం, మాట్లాడలేని రోగిలో కూడా దాన్ని పట్టే చిన్న పరీక్ష తయారు చేసింది. సంధి పట్టినవారిలో ఆరు నెలల్లోపు చావులు ఎక్కువని 2004లో తేలింది. 2013లో 821 మందిని వెంబడించిన అధ్యయనం, ఏడాది తరువాత కూడా మూడోవంతు మంది ఆలోచనాశక్తి తలకు మధ్యస్థాయి గాయమైనవారి స్థాయిలోనే ఉందని చెప్పింది. ప్రాణం దక్కిందని సంబరపడి పంపిన ఇళ్లలో ఏం జరుగుతోందో వైద్యలోకం అప్పటిదాకా సరిగా చూడలేదు. మరి సంధికి మందేమిటి? హాలోపెరిడాల్ సంధి రోజులను తగ్గించదని 2018లో 566 మందితో జరిగిన అమెరికా అధ్యయనం నిర్ధారించింది. అరవై ఏళ్ల అలవాటుకు పెద్ద ఎదురుదెబ్బ అది. నిద్రమందుల్లో లోరాజెపాం, మిడజోలం కన్నా డెక్స్‌మెడెటొమిడిన్ మెరుగని కొన్ని అధ్యయనాలు చెప్పినా, దాదాపు 4000 మందితో 2019లో వచ్చిన ఫలితంలో మరణాలు ఇరువైపులా సమానం. రాత్రి దీపాలు తగ్గించడం, కళ్లద్దాలు, వినికిడి యంత్రం తిరిగి ఇవ్వడం, మంచం మీద కూర్చోబెట్టి నడిపించడం, ఇంటివాళ్లను పక్కన కూర్చోనివ్వడం: మందుల చీటీలో లేని ఈ పనులే ఇప్పుడు ముందు వరసలోకి వచ్చాయి.

ఫిట్స్ వైద్యంలో మార్పు ఇంత గందరగోళం లేకుండా సాగింది. ముందు డయజెపాం, మిడజోలం వంటి బెంజోడయజెపైన్, ఆలస్యం చేయకుండా, పూర్తి మోతాదులో. ఆగకపోతే ఫాస్‌ఫినిటాయిన్, వాల్ప్రోయేట్, లెవెటిరాసెటంలలో ఏదైనా ఒకటే. మూడూ దాదాపు సగం మందిలోనే పనిచేస్తాయని 2019లో తేలింది. కుదుపులు లేకుండా మెదడులోనే సాగే ఫిట్స్ కోమా రోగుల్లో నూటికి ఎనిమిది మందిలో ఉన్నాయని 2000లో ఒక అధ్యయనం చెప్పాక ఈఈజీ యంత్రం ఐసీయూ మంచం దాకా వచ్చింది. ఈ రంగంలో చీటీ రాసే చేతికి తెలియాల్సిన చిక్కులు చాలా ఉన్నాయి. వాల్ప్రోయేట్ మీదున్న రోగికి జ్వరానికని మెరొపెనెం మొదలుపెడితే రక్తంలో వాల్ప్రోయేట్ పడిపోయి ఫిట్స్ తిరగబెడతాయి. ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారంతో కలిస్తే ఫినిటాయిన్ ఒంటికి సరిగా పట్టదు. వేగంగా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది.

2020, 2021 సంవత్సరాల కోవిడ్ ఈ ఇరవై ఏళ్ల సాధనను కొన్ని నెలల్లో వెనక్కి నెట్టింది. బోర్లా పడుకోబెట్టిన రోగులు, తొడుగుల వెనుక అలసిన సిబ్బంది, దొరకని ప్రొపొఫాల్, బయటే నిలిచిపోయిన బంధువులు. 14 దేశాల 69 ఐసీయూల పరిశీలనలో 64 శాతం మందికి బెంజోడయజెపైన్ ధారలు ఎక్కాయని, కుటుంబ సభ్యులు నేరుగానో ఫోనులోనో పలకరించిన రోగుల్లో సంధి తక్కువని తేలింది. గాఢనిద్ర యుగం ఎంత సులువుగా తిరిగి రాగలదో ఆ నెలలు చూపించాయి. వెనుదిరిగి రావడానికి కొన్ని ఐసీయూలకు ఇంకా సమయం పడుతోంది.

ఇప్పటి తరం ముందున్న పని ఐసీయూ తలుపు అవతల ఉంది. సంధికని మూడు రోజులకు రాసిన క్వెటియాపిన్ డిశ్చార్జ్ సమ్మరీలోకి జారి, ఊళ్లో మందుల షాపులో నెలల తరబడి కొనసాగుతుంది. తలకు దెబ్బ తగిలినప్పుడు ముందుజాగ్రత్తగా వారం రోజులకు మొదలైన ఫినిటాయిన్, ఫిట్స్ ఎప్పుడూ రాకపోయినా, ఏళ్లు దాటుతుంది. మాత్ర మానేస్తే ఏమవుతుందోనని ఇంటివాళ్లకు భయం. ఎందుకు మొదలైందో కొత్త డాక్టరుకు తెలియదు. 2008లో మన దేశంలో మొదలైన ఫార్మ్ డీ అనే ఔషధశాస్త్ర చదువు పూర్తిచేసిన యువతీయువకులు కొన్ని పెద్ద ఆసుపత్రుల ఐసీయూ రౌండ్లలో డాక్టరు పక్కన నిలబడుతున్నారు. ఈ మందు ఎందుకు, ఏ తేదీకి ఆపాలి అని అడగడం, ఆ జవాబును డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో రాయించడం వాళ్ల చేతుల్లోకి వచ్చిన కొత్త పని.